నెల్లూరు నుంచి వెల్లంపల్లి దాకా

గురువారం, నెల్లూరు

పినాకిని ఎక్స్‌ప్రెస్ పెన్న వంతెన ఎక్కగానే మా మేనత్త కిటికీ వైపు జరిగి, కళ్లజోడు సరిచేసుకుని, నదిలో నీళ్లు ఎంతమేర ఉన్నాయో చూసింది. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆమెకు ఈ నదితో ప్రత్యేకమైన అనుబంధం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఒక తెలుగు వ్యక్తి మొట్టమొదట బాప్తిస్మం పొందింది 1840లో ఈ నీళ్లలోనే. కొత్త సంవత్సరం మొదటి వారంలో ఇక్కడ మొదలుపెట్టి, రామాయపట్నం, ఒంగోలు మీదుగా గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి వెళ్లాలని మేమిద్దరం చాలాకాలంగా అనుకుంటున్నాం. పరిస్థితులన్నీ కాదంటున్నప్పుడు దేవుని మాటను పట్టుకుని ఉండటం ఎలా సాధ్యమని ఎవరైనా అడిగితే మా సంఘాల్లో వెంటనే ముసలితనంలో కొడుకు పుడతాడన్న దేవుని మాటను నమ్మిన అబ్రాహాము పేరు చెబుతాం. అయితే మన జిల్లాల్లోనే, మన తాతముత్తాతల కాలంలోనే జరిగిన కథ ఒకటి ఉందనీ, దాన్ని అది జరిగిన చోట్లకే వెళ్లి చూడాలనీ అత్తయ్య పట్టుదల.

కెనడాలో పుట్టిన మిషనరీ శామ్యూల్ డే 1836లో మన దేశానికి వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసుల్లో కొంత కొంత కాలం ఉండి, చివరికి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆరోగ్యం చెడి 1846లో స్వదేశం వెళ్లి, 1849లో లైమన్ జ్యూయెట్ దంపతులను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. ఇన్నేళ్ల శ్రమకు కనిపించిన ఫలితం మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ కొద్దిమందే. అదే మిషన్‌కు బర్మాలో కరెన్ ప్రజల మధ్య వేలకొద్దీ విశ్వాసులు చేరుతున్న రోజులవి. మిషన్ పటం మీద బర్మా వైపు కేంద్రాల గుర్తులు గుంపులుగా ఉంటే, తెలుగు దేశం వైపు నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రంలా కనిపించేదట.

ఈ కేంద్రాన్ని మూసేద్దామన్న ప్రతిపాదన 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన మిషన్ సభకు వచ్చినప్పుడు, మూసేస్తున్నామని జ్యూయెట్‌కు ఉత్తరం రాయడానికి ఎవరికి చేతులొస్తాయని కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ అడిగాడనీ, సభకు వచ్చిన కవి ఒకరు ఆ రాత్రే ఒంటరి నక్షత్రం మీద పద్యాలు రాశారనీ, మర్నాడు వాటిని విన్నవారు కంట తడి పెట్టుకున్నారనీ చెబుతారు. కేంద్రం నిలిచింది. మూసేద్దామన్నవారిని అవిశ్వాసులుగా చిత్రించడం మన ప్రసంగాల్లో అలవాటైపోయింది గాని, నాకు అది న్యాయంగా తోచదు. వారి ముందు లెక్కల పుస్తకం ఉంది, ఆ లెక్కలు నిజం. విశ్వాసం ఉన్నవారికి లెక్కలు కనిపించవని అనుకోవడం పొరపాటు. తన శరీరం మృతతుల్యమైందని అబ్రాహాము ఆలోచించాడనే రోమా పత్రిక నాలుగో అధ్యాయం చెబుతోంది. “నిరీక్షణకు ఆధారము లేనప్పుడు అతడు నిరీక్షణ కలిగి నమ్మెను” అన్న వాక్యంలో ఆధారం లేదన్న సంగతిని అపొస్తలుడు దాచిపెట్టలేదు.

1862లో జ్యూయెట్ సెలవు మీద అమెరికా వెళ్లేసరికి మూసివేత మాట మళ్లీ లేచింది. ఇంకెవరూ రాకపోయినా తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యే బతికి అక్కడే చనిపోతానని ఆయన పట్టుబట్టాడు. అయితే మీకు క్రైస్తవ మర్యాదతో సమాధి చేయడానికైనా ఒకరిని వెంట పంపాలి గదా అని అప్పటి కార్యదర్శి అన్నాడట. అలా వెంట వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. ఈ సంగతి చెప్పేటప్పుడల్లా అత్తయ్య నవ్వుతుంది. ఒంగోలు ప్రాంతంలో వేలమంది జీవితాలను మార్చిన క్లౌ దొర ఒక మనిషిని పూడ్చడానికి తోడుగా వచ్చాడని ఆమె తన బడి పిల్లలకు చెప్పేదట.

సాయంత్రం స్వర్ణాల చెరువు గట్టు దాకా నడిచాం. మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకు ఈ చెరువే వేదిక. కోరిక కోరుకుని ఒకరి చేతి నుంచి రొట్టె తీసుకున్నవారు, అది నెరవేరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. నెరవేరనివారి సంగతి ఏమిటని అక్కడ బఠాణీలు అమ్ముకునే పెద్దాయనను అడిగితే, “వాళ్లూ వస్తారు సార్, మళ్లీ తీసుకుంటారు” అన్నాడు.

శుక్రవారం, రామాయపట్నం

కావలి దాకా బస్సు, అక్కడి నుంచి మాట్లాడుకున్న ఆటో. జాతీయ రహదారి వదిలి సముద్రం వైపు తిరిగాక దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో గిరగిర తిరిగే ఏరేటర్లు, అక్కడక్కడా సర్కారు తుమ్మ పొదలు. ఓడరేవు పనులకు రాళ్లు మోసే లారీలు మా ఆటోను దుమ్ముతో ముంచెత్తాయి. 1870లలో మొదలై తరతరాల తెలుగు బోధకులను తయారుచేసిన బాప్టిస్టు వేదాంత పాఠశాల ఉన్న ఊరు ఇది. చూడదగ్గది ఇంకా ఉంది గాని, మా దృష్టి అంతా బకింగ్‌హాం కాలువ మీదే ఉంది.

తీరానికి సమాంతరంగా సాగే ఆ కాలువ ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయి, తూడు పెరిగి, కాలువ అని చెబితే తప్ప తెలియని స్థితిలో ఉంది. గట్టు ఎక్కి చూస్తే ఒక పక్క మట్టి ఇంకా తీర్చిన వాలుతో, మనిషి చేత్తో కొట్టినట్టే కనిపిస్తుంది. 1876లో వానలు మొహం చాటేయడంతో మొదలైన కరువును మన పెద్దలు ఆ సంవత్సరం పేరు మీద ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు, వెంట కలరా వచ్చింది. కరువు పనుల కింద ప్రభుత్వం ఈ కాలువను తవ్వించింది, ఆనాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టింది.

మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసిన క్లౌకు మట్టి పని తెలుసు. ఒంగోలు వైపున మూడున్నర మైళ్ల కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టి, ఎక్కడెక్కడి నుంచో ఎముకల గూళ్లలా నడిచి వచ్చినవారికి పలుగూ పారా తట్టా ఇచ్చి కూలి ఇప్పించాడు. పగలు తట్టలు దించి కాసేపు కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలే సువార్త చెప్పేవారు. భారము మోసుకొను సమస్త జనులారా నా యొద్దకు రండి అన్న మాట తట్ట దించినవాడి చెవిలో పడితే ఎలా ఉంటుందో నేను గట్టు మీద నిలబడి ఊహించుకోవడానికి ప్రయత్నించాను. బడిలో, గుడిలో వినే చెవికి అది అలంకారం. వారికి అది అప్పుడే దించిన బరువు.

ఇక్కడే నన్ను ఎన్నాళ్లుగానో పట్టి ఉంచిన విషయం ఉంది. బాప్తిస్మం కావాలని ఆ కూలీలు వందల సంఖ్యలో అడుగుతుంటే, క్లౌ పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం పెట్టే చెయ్యి చూసి వచ్చారో, నిజంగా నమ్మి వచ్చారో తేలేదాకా ఆగాలన్నాడు. ఆలోచించి చూడండి: దాదాపు పాతికేళ్ల కిందట ఒంటరి నక్షత్రమని పేరుపడిన చోట, ఎదురుచూసిన కోత కళ్ల ముందే నిలబడి ఉంటే, ఇదిగో వాగ్దానం నెరవేరిందని చాటుకోవడానికి ఎవరికైనా చెయ్యి దురద పెట్టదా? దేవుడు చేస్తానన్నదాన్ని మనం ముందుగానే చేసి చూపించాలన్న తొందర అబ్రాహాము భార్య శారాకు వచ్చింది, బిడ్డ కోసం దాసి హాగరును భర్త దగ్గరికి తెచ్చింది. వాగ్దానాన్ని నమ్మడంలో రానిదాని కోసం ఎదురుచూడటం సగమైతే, వచ్చినట్టు కనిపిస్తున్నదాన్ని లాక్కోకుండా ఉండటం మిగతా సగమని నాకు అనిపిస్తుంది, రెండోదే కష్టమని కూడా.

“ఆయన ఆపింది మంచిదే గాని, ఆ పదిహేను నెలల్లో చచ్చిపోయినోళ్లు లేరంటావా?” అంది అత్తయ్య గట్టు దిగుతూ. నా దగ్గర జవాబు లేదు. ఆమె కూడా జవాబు కోసం ఆగలేదు.

శనివారం, ఒంగోలు

చీకటితోనే లేచి ప్రార్థన కొండ ఎక్కాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పి. రెండు మూడు చోట్ల బండల మీద కూర్చుని, లేచి, మొత్తానికి పైకి చేరింది. 1854 జనవరి 1న, సూర్యుడు రాకముందు, ఇక్కడికి ఐదుగురు ఎక్కారు: జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. పాట పాడారు, లేఖనం చదివారు, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. ఆ తర్వాత జ్యూయెట్ కింద నాగజెముడు కమ్ముకున్న మెరక నేలను చూపించి, మన మిషన్ బంగళా అక్కడ ఉంటే నీకు ఇష్టమేనా అని జూలియాను అడిగాడు. ఆల్బనీలో మూసివేత మాట లేచి అప్పటికి ఏడాదైనా కాలేదు.

ఆ ప్రార్థనకు జవాబుగా క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లకు పైగా గడిచాయి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. శామ్యూల్ డే అయితే 1871లోనే అమెరికాలో కన్నుమూశాడు, ఏ పెద్ద కోతనూ చూడకుండానే. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో “వీరందరు ఆ వాగ్దానముల ఫలము అనుభవింపకపోయినను, దూరమునుండి చూచి వందనముచేసి” మృతినొందారని ఉన్న చోట నా బైబిల్లో ఆయన పేరు పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను.

జవాబు వచ్చిన తీరు కూడా అడిగినవారు ఊహించినది కాదు. క్లౌ నడిపిన బడిలో బ్రాహ్మణ పిల్లలు చేరారు, ఊరి పెద్దలు ఆదరంగా ఉన్నారు, పని పైనుంచి మొదలవుతుందన్న ఆశ కలిగింది. ఇంతలో తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ వచ్చారు. గురువుల దగ్గర ఏళ్ల తరబడి సత్యం వెతికి వచ్చిన మాదిగ దంపతులు వారు. వారి వెనుక వారి బంధువులు వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవారు తేల్చి చెప్పేశారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హ్యారియెట్ ఇంకో గదిలో ఎవరి బైబిలు వారు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని చెబుతారు: “మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు.” బడి ఖాళీ అయింది, సంఘం పెరిగింది.

కొండ మీద ఎండ ఎక్కుతుండగా, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు సంగతి వచ్చింది. మన సంఘాల్లో ఇది తెలియనివారు ఉండరు: అర్ధరాత్రి దాటగానే పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకోవడం, దానిమీది వచనం ఆ ఏడాదికి మన వాగ్దానమనుకోవడం. నాకు వచ్చింది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం, “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్నది. దాని పై వచనంలోనే డెబ్బై సంవత్సరాలు గతించాక అని ఉంది; అది మాత్రం ఏ కార్డు మీదా అచ్చు కాదు. బబులోనుకు చెరపట్టుకుపోబడినవారికి రాసిన ఆ ఉత్తరాన్ని విన్న పెద్దల్లో చాలామంది ఆ డెబ్బై ఏళ్ల అంతం చూసి ఉండరు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని ప్రవక్త చెప్పింది అందుకే. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని చెప్పినవాడు హనన్యా. ఆ కాలంలో జనానికి నచ్చే వాగ్దానం అతనిదే, అబద్ధ ప్రవక్తా అతనే. ఎంత త్వరగా జరుగుతుందని చెబితే అంత గొప్ప విశ్వాసమన్న భ్రమ నేడు మన సభల్లో మైకు పట్టుకుని తిరుగుతోంది.

ఈ ధోరణిలో నేను ఇంకా చెప్పుకుపోయేవాణ్ణే గాని, అత్తయ్య తన బైబిల్లోంచి అంచులు మాసిపోయిన కార్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. “నేను నీకు ఆరోగ్యము కలుగజేసెదను నీ గాయములను మాన్పెదను.” మామయ్యకు పక్షవాతం వచ్చిన ఏడు ఆమెకు వచ్చిన కార్డు అది. రెండో ఏడు తిరగకుండానే ఆయన పోయాడు.

“ఇది మీ మామయ్యకు రాసిన మాట కాదు నాయనా, సీయోనుకు రాసింది. నాకు అప్పుడూ తెలుసు. మంచం పక్కన కూర్చున్నదానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి గదా, పట్టుకున్నాను. ఆయన పోయాక దేవుడి మీద కోపమొచ్చి ఆర్నెల్లు గుడికి పోలేదు. తర్వాత పోయాను.”

“ఎందుకు వెళ్లావు?”

“ఆయన చేస్తానన్నవన్నీ ఈ ఒక్క కార్డు మీద పట్టవు గదరా. పునరుత్థానం మాట ఎక్కడికి పోతుంది?” కార్డు తిరిగి తీసుకుని లోపల పెట్టుకుంది. “అయితే కార్డులు మానేయమంటావా?”

“ముందూ వెనకా వచనాలు కూడా అచ్చు వేయమంటాను.”

“అప్పుడది కార్డు కాదు, కరపత్రం అవుతుంది” అంటూ లేచి దిగడం మొదలుపెట్టింది.

ఆదివారం, వెల్లంపల్లి

జ్యూయెట్ స్మారక మందిరంలో ఆరాధన. నెలలో మొదటి ఆదివారం కనుక ప్రభు భోజనం. పన్నెండు దాటాక జాతీయ రహదారి మీద ఉత్తరంగా గుంటూరు వైపు వెళ్లే బస్సు ఎక్కి, గుండ్లకమ్మ దగ్గర దిగాం. ఎగువన మల్లవరం దగ్గర ప్రాజెక్టు కట్టాక నది తీరు మారింది. పాయలు పాయలుగా నీళ్లు, మధ్యలో ఇసుక తిన్నెలు, ఒడ్డున గేదెలు.

1878 జూన్ నాటికి కరువు సహాయ నిధులు అయిపోయాయి. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు కనుక, బోధకులు మాత్రమే వెల్లంపల్లికి రావాలనీ, జనాన్ని వెంట తీసుకురావద్దనీ క్లౌ కబురు పెట్టాడు. జనం వేలల్లో వచ్చేశారు. డబ్బు లేదని ఆయన చెబితే, డబ్బు కోసం రాలేదన్నారు. కష్టపడ్డామనడానికి మా అరచేతుల బొబ్బలే సాక్ష్యం, వచ్చే పంట కూడా పోతే మేం చనిపోతాం, చనిపోతే క్రైస్తవులుగా చనిపోవాలి, కనుక బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. అరచేతిలో బొబ్బ ఎక్కడ లేస్తుందో పార పట్టినవారికి తెలుసు: వేళ్ల మొదళ్ల దగ్గర, వరుసగా నాలుగు, పగిలి, మళ్లీ లేచి, చివరికి కాయ కాస్తుంది. వేలమంది ఆ చేతులు చాచి చూపించారు. ఇన్నాళ్లూ ఆపినవాడికి ఇక ఆపడానికి కారణం దొరకలేదు.

జూలై 2న 614 మంది. 3న 2,222 మంది. 4న 700 మంది. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా, ఇద్దరేసి చొప్పున నీళ్లలోకి దిగారు. ఒడ్డు మీద జాబితాలోంచి పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే వచ్చారు. ఉదయం మొదలై, మధ్యాహ్నం ఎండకు కొంతసేపు ఆగి, సాయంత్రానికి ముగిసింది. ఆ రోజు క్లౌ తన చేతులతో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జూలై నెలాఖరుకు ఆ సంఖ్య 8,691కి చేరింది.

ఈ కథను మనం చెప్పేటప్పుడు కొండ మీది ఐదుగురి విశ్వాసానికి 2,222 జవాబు అని ముగిస్తాం. ఆ ఐదుగురిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గాని, ఈ రేవులో నిలబడ్డాక నాకు వాళ్లకంటే ఆ బొబ్బల చేతులవాళ్లే ఎక్కువగా కనిపించారు. కొండ మీది వారు అడిగింది పొందారు, ఆలస్యంగానైనా. వీరికి అన్నం దొరుకుతుందన్న హామీ లేదు, వాన వస్తుందన్న హామీ లేదు, ఊళ్లోకి తిరిగి వెళితే కులపెద్దలు ఊరుకుంటారన్న హామీ అసలే లేదు. చేతికి వచ్చినదేదీ చూసి నమ్మినవారు కారు. హబక్కూకు చివరి అధ్యాయంలోని అంజూరపు చెట్లు పూయకపోయినా, చేలు పైరుకు రాకపోయినా అన్న మాటలు మన ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద ఉంటాయి. వారికి అది ఆ ఏటి వ్యవసాయం.

రేవు దగ్గర ద్విచక్ర వాహనం ఆపుకుని ఫోనులో ఏదో చదువుకుంటున్న కుర్రవాడు మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. వాళ్ల పూర్వీకులు ఇక్కడే బాప్తిస్మం పొందారని ఇంట్లో చెప్పుకుంటారట.

“మాది బీసీ-సి అమ్మగారూ, క్రైస్తవులైన ఎస్సీల గ్రూపు. మా మేనమామ వాళ్లు సర్టిఫికెట్‌లో హిందువులు, వాళ్లది ఎస్సీ. నేను సంఘంలో పేరు తీయించుకోనన్నాను. అందుకని ఆ గ్రూపుకున్న ఒక్క శాతం రిజర్వేషన్‌లో కొట్టుకోవాల్సిందే.”

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవులైతే షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. తర్వాత సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సవరించారు. క్రైస్తవుల విషయం సుప్రీంకోర్టులో ఏళ్లుగా నలుగుతోంది. గుండ్లకమ్మలో దిగినవారి మునిమనవలు ఇంకా అడుగుతూనే ఉన్న సంగతి ఇది. దీన్ని విశ్వాస పరీక్ష అని పేరు పెట్టి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, ఇది అన్యాయం. అయినా, పేరు తీయించుకోవచ్చని తెలిసీ తీయించుకోని ఆ కుర్రవాడి ముందు నేను వాగ్దానాల మీద ఉపన్యాసం ఇవ్వలేకపోయాను.

“ఏం పరీక్ష రాస్తున్నావు నాయనా?” అని అత్తయ్య అడిగింది.

“గ్రూప్-2 అండి. రెండుసార్లు పోయింది.”

ఆమె బైబిలు వెనక అట్ట లోపల, ప్రార్థించవలసినవారి పేర్లు రాసుకునే చోటు వెతికి, అతని పేరు, పరీక్ష పేరు రాసుకుంది. హాల్‌టికెట్ నంబరు కూడా ఇవ్వమంటారా అని అతను నవ్వాడు. “ఇంకా రాలేదా? వచ్చాక ఫోను చెయ్యి, రాసుకుంటాను” అని తన నంబరు ఇచ్చి, ఒంగోలు బస్సు కనిపిస్తోందని నన్ను తొందరపెట్టింది.